సర్వే డేటా ఆర్కైవ్‌కి ఇస్తే తిరిగి ప్రశ్నల చిట్టా వచ్చింది. లోపల అసలు ఏం చేస్తారు?

పాలమూరు_పిల్ల · సోమవారం రాత్రి 9:12

హైదరాబాద్‌లో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. వనపర్తి జిల్లాలో రెండు ఊళ్ళు, కర్నూలు వైపు రెండు ఊళ్ళు తిరిగి రైతు కుటుంబాల సర్వే చేశాం. భూమి, పంట, అప్పు, కూలి, ఇవీ విషయాలు. ప్రాజెక్టుకు డబ్బిచ్చినవాళ్ళ షరతు ప్రకారం డేటా మొత్తం ఒక రీసెర్చ్ డేటా ఆర్కైవ్‌లో పెట్టాలి. ఎక్సెల్ ఫైలు, ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) ఫైలు, ఖాళీ ప్రశ్నావళి పీడీఎఫ్ పంపేసి హమ్మయ్య అనుకున్నాను.

అంతలోనే వాళ్ళ దగ్గర్నుంచి పెద్ద మెయిల్. భూమి కాలమ్‌లో యూనిట్ ఏమిటి? వయసులో 99 అంటే నిజంగా తొంభై తొమ్మిదేళ్ళా, చెప్పలేదనా? కూలి రేటులో భోజనం కలిసిందా? సమ్మతి పత్రం కాపీ ఏది? సర్వే నంబర్ల కాలమ్ తీసేస్తున్నాం, అభ్యంతరమా? ఇలా సాగుతూనే ఉంది. మా గైడ్ గారేమో "పంపింది పంపినట్టు పెట్టుకోమను" అంటున్నారు. ఇదంతా అవసరమా? ఆర్కైవుల్లో పనిచేసినవాళ్ళు ఉంటే చెప్పండి. థీసిస్ మధ్యలో ఇదో టెన్షన్.

చార్మినార్_కోడర్ · సోమవారం రాత్రి 9:31

జెనోడో వెబ్‌సైట్‌లో పడెయ్యండి. సెర్న్ వాళ్ళది, ఫ్రీ, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా ఇస్తారు, డీఓఐ (డేటాకి శాశ్వత గుర్తింపు నంబరు) అక్కడికక్కడే వస్తుంది. మిగతాదంతా గుమాస్తాగిరీ.

కోడ్‌బుక్కు · సోమవారం రాత్రి 10:20

ఇదే ఊళ్ళో ఒక ఆర్కైవ్‌లో డేటా సిద్ధం చేసే పనిలో ఉన్నాను. మీ ఫైళ్ళు వచ్చింది మా దగ్గరికేనో కాదో నాకు తెలీదు, తెలిసినా ఇక్కడ చెప్పను. పద్ధతి మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒకటే.

ఫైళ్ళు రాగానే ముందు వచ్చినవి వచ్చినట్టు ఒక కాపీ తీసి పక్కన పెడతాం. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) లెక్కగట్టి రాసుకుంటాం. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ చెక్‌సమ్ పూర్తిగా మారిపోతుంది కాబట్టి, ఎన్నేళ్ళ తర్వాతైనా డిస్కు చెడిందా, ఎవరైనా తెరిచి సేవ్ కొట్టారా అన్నది మళ్ళీ లెక్కగట్టి పట్టుకోవచ్చు. పనంతా ఇంకో నకలు మీద జరుగుతుంది.

ఈ రంగంలో అందరూ చూసుకునే నమూనా ఓఏఐఎస్. దాన్ని రాసింది లైబ్రరీల వాళ్ళు కాదు, అంతరిక్ష సంస్థల ఉమ్మడి కమిటీ. 2003లో ఐఎస్ఓ ప్రమాణం అయింది, నంబరు 14721. ఉపగ్రహాల వాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు: టేపు భద్రంగా ఉంటుంది, అందులో అంకెలుంటాయి, ఆ అంకెలు ఏమిటో చెప్పాల్సిన ఇంజనీరు రిటైరైపోయి ఉంటాడు. అందుకే ఆ నమూనాలో మూడు మూటలు వేరువేరుగా ఉంటాయి. మీరిచ్చినది ఒకటి, మేం దాచేది ఒకటి, వాడుకునేవాళ్ళ చేతికిచ్చేది ఒకటి. మూడూ అచ్చంగా ఒకేలా ఉండనక్కర్లేదు. ఉండాల్సిన షరతు మాత్రం ఉంది. డేటా తయారుచేసిన మనిషిని అడగకుండానే వాడేవాళ్ళకి అది అర్థం కావాలి.

మీకొచ్చిన ప్రశ్నలన్నీ ఆ షరతు నుంచి పుట్టినవే. చదువైపోగానే యూనివర్సిటీ మీ మెయిల్ ఐడీ తీసేస్తుంది. ఇవాళ దొరుకుతున్నారు కాబట్టి ఇవాళే అడుగుతున్నారు.

జెనోడో సంగతి: మంచిదే, నేనూ వాడతాను. కానీ అది ఫైలు లోపలికి చూడదు. 99 ఏమిటని అడగదు.

చార్మినార్_కోడర్ · సోమవారం రాత్రి 10:34

అడగకపోవడమే దాని గొప్పతనం భయ్యా.

లెక్కలసారు · సోమవారం రాత్రి 11:05

99 గురించి నవ్వుకునేవాళ్ళకి ఒక మాట. ఎస్‌పీఎస్‌ఎస్‌లో 99ని "జవాబు లేదు" అని ముందే ప్రకటించి ఉంటే సగటు లెక్కలో అది కలవదు. అదే ఫైలుని సీఎస్‌వీ (సాదా టెక్స్ట్ పట్టిక) చేస్తే ఆ ప్రకటన రాలిపోతుంది, అంకె మిగులుతుంది. చెప్పకుండా వదిలేసిన వయసులన్నీ తొంభై తొమ్మిదేళ్ళ ముసలివాళ్ళవుతాయి.

స్టేటా అనే సాఫ్ట్‌వేర్‌ది ఇంకో గొడవ. అందులో ఖాళీ విలువని అన్ని అంకెల కంటే పెద్దదిగా లెక్కిస్తుంది. "అప్పు యాభై వేలకి మించినవాళ్ళు" అని అడిగితే, అప్పు గురించి నోరు విప్పనివాళ్ళు కూడా ఆ జాబితాలో చేరిపోతారు. కొత్తగా వాడేవాడికి ఈ సంగతి తెలియదు, హెచ్చరిక కూడా రాదు.

డాక్యుమెంట్ విలువ తెలియాలంటే ఎన్ఎస్ఎస్ (జాతీయ నమూనా సర్వే) యూనిట్ స్థాయి డేటా ఒకసారి తెరిచి చూడండి. పాత రౌండ్లు టెక్స్ట్ ఫైళ్ళు. కాలమ్ పేర్లు ఉండవు, మధ్యలో కామాలు ఉండవు, వరుస మొత్తం అంకెల తోరణం. ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏముందో లేఅవుట్ ఫైలు చెబుతుంది. చాలా రౌండ్లలో మల్టిప్లయర్‌ని (ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ళకి లెక్కో చెప్పే అంకెని) ఒక సందర్భంలో 100తో, ఇంకో సందర్భంలో 200తో భాగించాలి, ఆ నియమం రీడ్‌మీలో చిన్న వాక్యంగా ఉంటుంది. ఆ వాక్యం చదవకపోతే దేశ జనాభా రెట్టింపవుతుంది. పిల్లలు ఆ లెక్కతో ప్రాజెక్టు రిపోర్టులు తెస్తారు, నేను తిప్పి పంపుతాను.

మెట్టచేను · మంగళవారం ఉదయం 6:48

అమ్మా పాలమూరు, నేను వ్యవసాయ పరిశోధనలో ఉండి రిటైరైనవాణ్ణి. భూమి యూనిట్ అడిగారన్నావు కదా, ఆ ప్రశ్న వేసినవాళ్ళకి నా నమస్కారం చెప్పు. దాని గురించి వివరంగా రాస్తాను, ఓపిక పట్టు.

తెలంగాణలో భూమి ఎకరాలు, గుంటల్లో చెప్తారు. 40 గుంటలు ఒక ఎకరం. పట్టా పాసుబుక్కులో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్ర వైపు సెంట్లు, 100 సెంట్లు ఒక ఎకరం. అక్కడ 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, దశాంశం లెక్కన సరిగ్గా 2.2 ఎకరాలే. వనపర్తి రైతు 2.20 అన్నాడు, కర్నూలు రైతు 2.50 అన్నాడు అనుకో, ఇద్దరి భూమీ ఒకటే. నీ కాలమ్‌లో మాత్రం కర్నూలాయన పెద్ద రైతు.

ఇంకా ఉంది. ఎక్సెల్ చివరి సున్నాని మింగేస్తుంది. 2.20 కొడితే 2.2 చూపిస్తుంది. రెండెకరాల రెండు గుంటల్ని కూడా కొందరు కుర్రాళ్ళు 2.2 అనే కొడతారు, నిజానికి 2.02 కొట్టాలి. ఒకటి రెండున్నర ఎకరాలు, ఇంకోటి 2.05 ఎకరాలు. ఫైల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఒక ఊరి వరుసలన్నీ తీసి చుక్క తర్వాత అంకెలు చూడు. ఎక్కడా 39 దాటకపోతే అవి గుంటలు. 50, 75 లాంటివి తరచుగా ఉంటే సెంట్లు. ఊరుకి ఊరు విడిగా చూడాలి, కలిపి చూస్తే తెలియదు.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వాళ్ళు 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టారు. మన దగ్గర ఔరేపల్లె, మహారాష్ట్రలో షిరాపూర్, కంజర లాంటి ఊళ్ళు. పరిశోధకులు ఊళ్ళోనే కాపురం ఉండి కుటుంబం వారీగా ఏ పొలంలో ఏం వేశారు, ఎంత కూలి ఇచ్చారు అని రాసుకున్నారు. దేశదేశాల ఆర్థికవేత్తలు ఆ డేటా మీద ఎన్ని పేపర్లు రాశారో లెక్కలేదు. వాళ్ళలో చాలామంది ఔరేపల్లె పొలిమేర కూడా చూసి ఉండరు. అంకె పక్కన దాని సంగతి కూడా రాసిపెట్టి ఉండబట్టే అది సాధ్యమైంది.

పాలమూరు_పిల్ల · మంగళవారం ఉదయం 8:15

సార్, ఇప్పుడే చూశాను. వనపర్తి ఊళ్ళు రెండింటిలోనూ చుక్క తర్వాత 39 దాటలేదు. కర్నూలు వైపు 50, 60, 75 బోలెడు. ఒకే కాలమ్‌లో రెండు కొలతలు ఉన్నాయన్నమాట. ఆర్కైవ్ వాళ్ళే దీన్ని ఎకరాల్లోకి మార్చేసి పెట్టొచ్చు కదా? వాళ్ళకి తెలిసిపోయినట్టే ఉంది.

కోడ్‌బుక్కు · మంగళవారం ఉదయం 9:02

అనుమానం వచ్చింది, అంతే. మేం మార్చం.

మీ అసలు కాలమ్ అలాగే ఉంటుంది. పక్కన కొత్త కాలమ్ చేర్చి, ఎలా లెక్కగట్టామో కోడ్‌బుక్‌లో (ఏ కాలమ్ ఏమిటో చెప్పే పత్రంలో) రాస్తాం. అదీ మీరు సరేనన్న తర్వాతే. లెక్కగట్టిన స్క్రిప్టు కూడా దాస్తాం. రేపెవరైనా మా లెక్క తప్పంటే వెనక్కి వెళ్ళి చూసుకునే దారి ఉండాలి.

లెక్కలసారు · మంగళవారం ఉదయం 9:40

ఇక్కడ మీతో నాకు పేచీ ఉంది కోడ్‌బుక్కు గారూ. కళ్ళ ముందు తప్పు కనిపిస్తున్నా ముట్టుకోం అనడం ఏం పద్ధతి? వాడేవాళ్ళలో చాలామంది కోడ్‌బుక్ చదవరు. మొదటి కాలమే తీసుకుని రిగ్రెషన్ నడిపేస్తారు. పాడైన కాలమ్ అందుబాటులో ఉంచితే పాడైన పేపర్లే వస్తాయి.

కోడ్‌బుక్కు · మంగళవారం ఉదయం 10:15

సార్, దిద్దడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఎవరు చెప్తారు? ఎకరానికి వేరుశనగ దిగుబడి అనుమానంగా ఎక్కువ కనిపించింది అనుకోండి. బోరు కింద పండించి ఉండొచ్చు, బస్తా బరువు వేరై ఉండొచ్చు, టైపింగ్‌లో ఒక సున్నా ఎక్కువై ఉండొచ్చు. ఏసీ గదిలో కూర్చుని నాకు "సహజంగా" అనిపించినదానికి దిద్దితే, ఆ డేటాలో ఇక నా ఊహే మిగులుతుంది. అసాధారణంగా ఉన్న రైతుల గురించే కదా చాలామంది పరిశోధిస్తారు?

మేం చూసేది లోపల పొంతన. వరుసలు ఎన్ని, ప్రశ్నావళిలో ఉన్న ప్రతి ప్రశ్నకీ కాలమ్ ఉందా, కుటుంబం ఫైల్లో ఉన్న ఐడీలన్నీ సభ్యుల ఫైల్లో దొరుకుతున్నాయా, ఒకే ఐడీ రెండుసార్లు వచ్చిందా, మగ 1 ఆడ 2 అని చెప్పిన కాలమ్‌లో 3 ఎందుకుంది, మొదటి పంట వెయ్యలేదన్నవాడు కోత ఖర్చు ఎలా చెప్పాడు. కనబడినవి రాసి మీకు పంపుతాం. మీరు కాగితం ఫారం చూసి సరిచేస్తే కొత్త వెర్షన్. చూసే అవకాశం లేదంటే "ఇలా ఉంది" అని నోట్ పెట్టి వదిలేస్తాం.

మీరన్న పాయింటు మాత్రం ఒప్పుకుంటాను, కోడ్‌బుక్ చదవరు. అందుకే అనుమానం ఉన్న కాలమ్ లేబుల్‌లోనే "కొలత ఊరిని బట్టి మారుతుంది, నేరుగా వాడవద్దు" అని రాస్తాను. కొన్ని ఆర్కైవులు పేరు చివర "ముడి" అని తగిలిస్తాయి.

లెక్కలసారు · మంగళవారం ఉదయం 10:22

లేబుల్‌లో పెడితే సరే. అయినా మొదట కనబడేది సరైన కాలమ్ కావాలి, ముడిది చివరికి పోవాలి. ఆ వరుస క్రమం మీ చేతిలోనే ఉంది.

కోడ్‌బుక్కు · మంగళవారం ఉదయం 10:25

అది మా వాళ్ళ ముందు పెడతాను.

అక్షరాలు_అతుకులు · మంగళవారం మధ్యాహ్నం 1:10

తెలుగులో రాసిన జవాబులు ఉన్నాయా మీ డేటాలో? ఉంటే అడుగుతున్నాను, ఏ ఫాంటులో కొట్టించారు? డీటీపీ సెంటర్‌లో ఇస్తే అను ఫాంట్లలో కొట్టి ఇస్తారు. స్క్రీన్ మీద తెలుగే కనిపిస్తుంది, ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు. వెతికితే "కౌలు" అన్న మాట దొరకదు. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలున్నాయి కానీ వత్తులు, పొల్లు దగ్గర తప్పులు వస్తాయి, మనిషి కూర్చుని చదవాల్సిందే.

యూనికోడ్‌లో ఉన్నా ఒక చిక్కుంది. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు చెత్తగా కనిపిస్తుంది. ఫైలు పాడవ్వలేదు, అది యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని ఫైల్లో దాచే పద్ధతి) అని ఎక్సెల్‌కి తెలియలేదు, అంతే. అది తెలియక "డేటా కరప్ట్" అని మెయిళ్ళు పెడతారు. అంతకంటే ఘోరం, అలాగే తెరిచి సేవ్ కొడతారు. అప్పుడు నిజంగానే పాడవుతుంది.

పాలమూరు_పిల్ల · మంగళవారం మధ్యాహ్నం 1:30

ఫోన్‌లో గూగుల్ కీబోర్డుతో కొట్టారండీ, యూనికోడే. "అప్పు ఎందుకు చేశారు" అన్న ప్రశ్నకి రైతులు అన్న మాటలు అన్నట్టే ఉన్నాయి.

ఊరూరా_సర్వే · మంగళవారం సాయంత్రం 7:40

"అన్నట్టే ఉన్నాయి" అంటే నాకు భయమేస్తోంది మేడమ్. నేను ఇలాంటి ప్రాజెక్టులకి ఫీల్డ్‌లో తిరిగే మనిషిని. అప్పు గురించి అడిగితే జనం అప్పు ఒక్కటే చెప్పరు. "ఫలానా శేఠు దగ్గర", "మా మరిది కొడుకు తాగి యాక్సిడెంట్ చేస్తే", "బిడ్డ పెళ్ళి చెడితే". అవన్నీ మేం రాసుకొస్తాం. పేరు కాలమ్ తీసేశాం కదా అని ఇది వెబ్‌సైట్‌లో పెడితే ఆ ఊరివాళ్ళు ఒక్క నిమిషంలో చెప్పేస్తారు ఎవరి ఇంటి ముచ్చటో.

కులం కాలమ్ ఇంకోటి. ఒక్కో ఊళ్ళో మంగలి ఇల్లు ఒకటే ఉంటది, పూజారి ఇల్లు ఒకటే ఉంటది. ఉపకులం రాసి, ఎకరాలు రాసి, "కుటుంబంలో ఎవరైనా సర్పంచ్‌గా చేశారా – అవును" అని రాస్తే ఇక పేరెందుకు?

కోడ్‌బుక్కు · మంగళవారం రాత్రి 8:30

ఈమె చెప్పింది మా పనిలో అన్నిటికంటే బరువైన భాగం. పేరు, ఫోన్, ఆధార్ తీసెయ్యడం నిమిషాల పని. మిగిలినవాటి కలయిక చూడటమే కష్టం.

1990ల్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులు పేర్లు తీసేసి పరిశోధకులకి ఇచ్చారు. లటన్యా స్వీనీ అప్పుడు విద్యార్థిని. కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ ఈ మూడూ కలిపి చూసి, స్వయంగా గవర్నర్ విలియం వెల్డ్ రికార్డేదో పట్టుకుంది. మన దగ్గర ఓటర్ల జాబితా కొనక్కర్లేదు, పోలింగ్ బూత్ వారీగా పీడీఎఫ్‌లు నెట్‌లోనే ఉంటాయి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. ఊరి పేరు తెలిస్తే చాలు.

భూమి సర్వే నంబరు ఎందుకు తీసేస్తున్నారో కూడా ఇదే జవాబు. ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్‌లో ఊరు, సర్వే నంబరు కొడితే పట్టాదారు పేరు వచ్చేస్తుంది. అది పేరు రాసిపెట్టినట్టే. (పైగా 12/3 లాంటి సర్వే నంబర్లని ఎక్సెల్ మార్చి 12గానో డిసెంబరు 3గానో మార్చేసి ఉంటుంది. ఈ రోగం మనకొక్కరికే కాదు, జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మారుస్తోందని 2020లో శాస్త్రవేత్తలు ఏకంగా కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు.)

మేం చేసేవి: ఊరి పేరు బదులు కోడ్, పుట్టిన తేదీ బదులు వయసు, చాలా పెద్ద భూములకి "25 ఎకరాలు పైన" లాంటి పై హద్దు, ఉపకులం బదులు ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ. జీపీఎస్ స్థానాలు ఉంటే వాటిని కాస్త పక్కకి జరుపుతాం. డీహెచ్ఎస్ అనే అంతర్జాతీయ ఆరోగ్య సర్వేల వాళ్ళు పట్టణ క్లస్టర్లని (సర్వే చేసిన ఇళ్ళ గుంపుల్ని) 2 కిలోమీటర్ల దాకా, పల్లెలవి 5 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో నూటికి ఒకదాన్ని 10 దాకా జరిపి ఇస్తారు. జరిపామని బాహాటంగా చెప్పి మరీ ఇస్తారు.

మాటల్లో ఉన్న జవాబులు వేరే కథ. అక్కడ తీసెయ్యడం కంటే మార్చడం మేలు. "శేఠు పేరు", "బంధువు", "దగ్గరి పట్టణం" అని చతురస్ర బ్రాకెట్లలో పెడితే చదివేవాడికి ఏదో మార్చారని తెలుస్తుంది, అర్థమూ పోదు. నల్లగీత కొట్టుకుంటూ పోతే చివరికి చదవడానికేమీ మిగలదు.

మెట్టచేను · మంగళవారం రాత్రి 9:05

ఉపకులం తీసేస్తే నా బోటివాడికి ఆ డేటా సగం చచ్చినట్టే నాయనా. మాదిగ కుటుంబాల భూమి వేరు, మాల కుటుంబాల భూమి వేరు. తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టమే వచ్చిన రోజుల్లో అందర్నీ ఎస్సీ అని ఒక గంపలో పోస్తే ఏం పరిశోధన చేస్తారు?

కోడ్‌బుక్కు · మంగళవారం రాత్రి 9:30

నిజమే సార్. అందుకే ఒకే డేటాకి రెండు రూపాలు ఉంటాయి. ఒకటి రిజిస్టర్ చేసుకుని షరతులకి ఒప్పుకున్న ఎవరైనా దించుకోవచ్చు, అందులో నాలుగు వర్గాలే. ఇంకోటి ఉపకులం, మండలం స్థాయి ఉన్నది. దానికి ప్రతిపాదన రాసి పంపాలి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి, కొన్నిచోట్ల ఆర్కైవ్ గదిలోనో వాళ్ళ సర్వర్ లోపలో మాత్రమే చూడాలి. బయటికి తీసుకెళ్ళే పట్టికలు కూడా తనిఖీ చేస్తారు, ఒక గడిలో మరీ తక్కువమంది ఉంటే ఆపేస్తారు. 1967 నుంచి నడుస్తున్న బ్రిటన్ డేటా ఆర్కైవ్ పద్ధతి కూడా ఇలాంటిదే. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లల్ని 2002 నుంచి వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనం డేటా అక్కడే ఉంది.

చార్మినార్_కోడర్ · మంగళవారం రాత్రి 9:44

మన ఊరి పిల్లల డేటా బ్రిటన్‌లోని ఎసెక్స్‌లో. దాన్ని చూడ్డానికి మనం అప్లికేషన్ పెట్టాలి. బాగుంది.

కోడ్‌బుక్కు · మంగళవారం రాత్రి 9:50

బాధ అర్థమైంది. కానీ పెట్టగానే ఇస్తారు, ఫీజు లేదు. ఇక్కడ కొన్ని ప్రాజెక్టుల డేటా రిటైరైన ప్రొఫెసర్ గారి బీరువాలో ఉంది, దానికి అప్లికేషన్ కూడా లేదు.

న్యాయం_నోట్సు · బుధవారం ఉదయం 8:20

సమ్మతి పత్రం గురించి ఎవరూ మాట్లాడలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధన, ఆర్కైవింగ్, గణాంకాల పనికి మినహాయింపు ఉంది. ఆ డేటాతో ఒక ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి, అవీ షరతులు. కాబట్టి "చట్టం ఒప్పుకోదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మీరు రైతుకిచ్చిన మాట చెల్లిపోదు. మీ ఫారంలో "మీ వివరాలు మా బృందం తప్ప ఎవరూ చూడరు" అని గానీ "పరిశోధన అయ్యాక నాశనం చేస్తాం" అని గానీ ఉందా? చాలా ఫారాల్లో ఉంటుంది, పాత ఫారం నుంచి కాపీ కొట్టి పెడతారు. అది ఉంటే ఏ మంచి ఆర్కైవూ తీసుకోదు.

పాలమూరు_పిల్ల · బుధవారం ఉదయం 8:55

చూశానండీ. "పేర్లు, గుర్తించే వివరాలు తొలగించిన తర్వాత సమాచారం ఇతర పరిశోధకులకు ఇవ్వవచ్చు" అని ఉంది. తెలుగులో చదివి వినిపించారు.

న్యాయం_నోట్సు · బుధవారం ఉదయం 9:00

అయితే అదృష్టవంతులు. ఆ వాక్యాన్నే కాపాడుకోండి. "గుర్తించే వివరాలు" అంటే ఉపకులం, సర్పంచ్ కాలమ్ కూడా.

లెక్కలసారు · బుధవారం ఉదయం 11:30

జిల్లా కోడ్ ఏది వాడారమ్మా? 2011 జనగణన కోడ్ ప్రకారం మీ వనపర్తి ఊళ్ళు మహబూబ్‌నగర్‌లో ఉంటాయి. తెలంగాణ వచ్చినప్పుడు జిల్లాలు 10, 2016 అక్టోబరులో 31, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి, కర్నూలు చీలి నంద్యాల వచ్చింది. మెట్టచేను గారి ఔరేపల్లె కూడా మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డిలోకి పోయింది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణకి 10 జిల్లాలు, ఐదోదాంట్లో 31. రెండూ పోల్చాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఏ తేదీ నాటి హద్దులో, ఏ కోడ్ జాబితాలో కోడ్‌బుక్‌లో రాయకపోతే మీ డేటాని ఇంకోదానితో కలపడం కుదరదు.

ఊరూరా_సర్వే · బుధవారం సాయంత్రం 6:15

మేడమ్, కూలి సంగతి మర్చిపోవద్దు. వాళ్ళు అడిగింది మంచి ప్రశ్న. మా వైపు నాట్లకి గుత్త ఉంటది, ఎకరానికి ఇంత అని గుంపుకి ఇస్తారు, ఎంతమంది వచ్చారో రైతుకే తెలియదు. కొందరు పగలు అన్నం పెట్టి కూలి తగ్గిస్తారు, కొందరు ఆటో కిరాయి కలిపి ఇస్తారు. మీ ఇన్వెస్టిగేటర్లు ఏది రాశారో వాళ్ళనే అడగండి, ఇప్పుడైతే గుర్తుంటది. ప్రశ్నావళిలో "రోజు కూలి" అని మాత్రమే ఉంటది, అసలు ఏం రాయాలో ట్రైనింగ్‌లో నోటితో చెప్తారు.

కోడ్‌బుక్కు · బుధవారం సాయంత్రం 6:40

ఆ ట్రైనింగ్ నోట్సు ఏ రూపంలో ఉన్నా పంపండి. వాట్సాప్ గ్రూపులో "గుత్త ఉంటే తలకి భాగించి రాయండి" అని ఎవరైనా మెసేజ్ పెట్టి ఉంటే అది కూడా. ఫోన్ నంబర్లు తీసేసి, తేదీ వేసి, టైప్ చేసి ఇస్తే చాలు. ఖాళీ ప్రశ్నావళి అందరూ ఇస్తారు, ఇది ఎవరూ ఇవ్వరు.

పాలమూరు_పిల్ల · గురువారం రాత్రి 10:05

ఇద్దరు ఇన్వెస్టిగేటర్లతో మాట్లాడాను. వనపర్తిలో అన్నం విలువ కలపలేదు, కర్నూలులో కలిపారు. గ్రూపు మెసేజీలు టైప్ చేస్తున్నాను. భూమికి కోడ్‌బుక్‌లో ఇలా రాశాను, చూడండి:

"భూమి_ఎకరాలు: సొంత భూమి, దశాంశ ఎకరాల్లో. ఊరు 1, 2లో భూమి_ముడి విలువలో చుక్క తర్వాత భాగం గుంటలు, 40తో భాగించి కలపబడింది. ఊరు 3, 4లో సెంట్లు, మార్చలేదు. కౌలు భూమి కలపలేదు. భూమి_ముడి: ఇన్వెస్టిగేటర్ రాసినట్టే, నేరుగా వాడవద్దు."

మెట్టచేను · శుక్రవారం ఉదయం 6:30

బాగుందమ్మా. మరి ఊరు 1, 2లో చుక్క తర్వాత ఒకే అంకె ఉన్న వరుసలు? 2.2, 3.1 లాంటివి? అవి ఇరవై గుంటలో రెండు గుంటలో ఎలా తేల్చావు?

పాలమూరు_పిల్ల · శుక్రవారం ఉదయం 7:50

కాగితం ఫారాలు మా ఇంట్లోనే ఉన్నాయి సార్. ఆ వరుసలన్నీ తీసి ఒక్కొక్కటీ చూస్తున్నాను. కొన్ని ఫారాలు తడిసి చదవడానికి రావడం లేదు. వాటి స్కాన్లు ఆర్కైవ్‌కి పంపితే వాళ్ళేమైనా చదవగలరా?

కోడ్‌బుక్కు · శుక్రవారం ఉదయం 8:05

వద్దు, పంపకండి. ఫారం మొదటి పేజీలో పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. చదవలేనివాటికి భూమి_ఎకరాలు ఖాళీగా వదిలేసి, పక్కన "ఫారం చదవడానికి వీలుకాలేదు" అని ఒక కోడ్ పెట్టండి. 99 మాత్రం పెట్టకండి.